తలుపు మీద నంబరు

“దీనికి రెండు మార్కులు చాలు. కథేదీ ఇందులో?” అన్నాడు లెక్చరర్ ఉదయ్ భాస్కర్.

ఖమ్మం ఫిల్మ్ క్లబ్బులో తైవాన్ కొత్త దర్శకుల చిన్న సినిమాల పోటీ. ఆయనతోపాటు భద్రాచలం అవతలి గూడెం నుంచి వచ్చిన టీచరు శ్రావణి కూడా న్యాయనిర్ణేతే.

ఇప్పుడు చూసిన సినిమాలో ఆఫీసర్లు ఒక కొండ ఊరికొచ్చి, ప్రతి తలుపు మీదా ఎర్ర రంగుతో నంబరు వేశారు. ఒక ముసలమ్మ వాళ్ళకు టీ ఇచ్చింది. ఆ తర్వాతి షాటులో ఊరు లేదు. అంతా ఆనకట్ట నీళ్ళే.

“సార్, జర ఎనక్కి తిప్పున్రి,” అంది శ్రావణి.

“నీళ్ళ దగ్గరికా?”

“కాదు, నంబర్ల దగ్గరికి.”

తెర మీద తలుపు వచ్చి ఆగింది.

“పోయిన వారం మా గూడెంల గూడ గిట్లనే ఏసిన్రు సార్. పక్కా ఇండ్లిస్తమన్నరు. మా అమ్మ సంబురపడి నంబరుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. వాళ్ళకు కోడిని కోసింది.”

ఉదయ్ భాస్కర్ పెన్ను కింద పెట్టాడు.

“గోదారి మీ ఇంటికి ఎంత దూరమమ్మా?”

శ్రావణి తెర మీంచి చూపు తిప్పలేదు.

“వాకిట్ల నిలబడితె కనపడతది సార్.”

తెర మీద ఆగిన ఆ తలుపుపై ఎర్ర రంగు ఇంకా ఆరలేదు.