వెనకాల ఆగిన సైకిలు

పెట్రా మూడోసారి బ్రేకు నొక్కింది. వెనకాల సైకిలు కూడా ఆగింది.

తిరిగి చూడాలంటే భయం వేసింది. అయినా చూసింది. ముప్పై గజాల దూరంలో ఒక మనిషి ఒక కాలు నేలకు ఆనించి నిలబడి ఉన్నాడు. కళ్లకు నల్లద్దాలు, ముక్కు మీదుగా కట్టుకున్న బూడిద రంగు గుడ్డ. జూన్ ఎండలో, టూసాన్ లాంటి ఎడారి ఊళ్లో సైకిలు తొక్కేవాళ్లు చాలామంది అలాగే ముఖం కప్పుకుంటారు. కాని ఈ మనిషి మూడు మైళ్ల నుంచి ఆమెను దాటి పోవడం లేదు, వెనకబడటమూ లేదు.

మొదట మంచినీళ్ల కుళాయి దగ్గర గమనించింది. ఆమె సీసా నింపుకుంటుంటే అతను దూరంగా ఆగిపోయాడు. ఆమె బయల్దేరాక కుళాయి పక్కనుంచే వచ్చాడు, నీళ్ల జోలికి పోలేదు. ఆ వేడిలో కుళాయి కనబడీ ఆగని మనిషిని పెట్రా ఇంతవరకు చూడలేదు. అనుమానం తీర్చుకుందామని నడక వంతెన ఎక్కి ఏటి అవతలి గట్టు దారి పట్టింది. అతనూ వంతెన ఎక్కాడు.

ఇప్పుడు చెయ్యి ఊపి, ముందుకు పొమ్మని సైగ చేసింది. అతను కదల్లేదు. నోటి దగ్గర గుడ్డ మాత్రం రెండుసార్లు కదిలింది. తరవాత మెల్లగా ఒక చెయ్యి పైకెత్తి ఆమె వైపు చాపాడు.

పెట్రా గబుక్కున బయల్దేరింది. ఇరవయ్యేళ్లుగా బడి వంటశాలలో పెద్ద పెద్ద గిన్నెలు దించిన చేతులు హ్యాండిల్‌ను గట్టిగా బిగించి పట్టుకున్నాయి. పెడల్ తొక్కుతూనే చెల్లెలు నీవెస్‌కు ఫోన్ చేసింది.

నీవెస్ ముందు నవ్వింది. యాభై నాలుగేళ్లదాని వెంటపడేవాడికి ఎండ తలకెక్కి ఉంటుందంది. వంతెన సంగతి విన్నాక నవ్వు ఆపింది.

"అక్కా, ఇంటికి మాత్రం పోకు. వాడికి ఇల్లు చూపించినట్టవుతుంది. బేస్‌బాల్ మైదానం దగ్గరికి వచ్చెయ్. నేను పోలీసులకు చెప్పి, కారు తీసుకొని అక్కడికొస్తా."

"అది ఇంకా రెండు మైళ్లుందే."

"తొక్కవే తల్లీ. ఏడుపు తరవాత ఏడుద్దువుగాని."

పొద్దున్నే తొక్కేవాళ్లంతా ఎనిమిదింటికే ఇళ్లు చేరుకున్నారు. పది దాటిన ఈ వేళ దారి మీద నరమానవుడు లేడు. ఎడమ పక్క ఇళ్ల పెరటి గోడలు, ఎక్కడా ఒక్క తలుపు లేదు. కుడి పక్క నీటి చుక్క లేని రిల్లిటో ఏరు, మైళ్ల పొడుగునా ఇసుక. కేక వేసినా వినేవాళ్లు లేరు. పెట్రా సీటు మీంచి లేచి తొక్కింది. వెనక గొలుసు చప్పుడు కూడా జోరందుకుంది. ఆయాసంతో కాళ్లు ఆపితే అదీ ఆగింది.

దారి పెద్ద రోడ్డు వంతెన కిందికి దిగింది. లోపల చీకటి, గబ్బిలాల కంపు. అతని టైర్ల రొద గోడలకు తగిలి, వీపు మీదే ఉన్నట్టు వినబడింది. అవతలి వెలుగులోకి వచ్చేసరికి ఎదురుగా ఎర్ర తెల్ల చారల చెక్కలు అడ్డంగా ఉన్నాయి. కిందటేడు వరదకు అక్కడ దారి కోసుకుపోయింది. పక్కనుంచి మట్టిబాట ఉంది కాని, అందులో సైకిలు పరుగెత్తదు. అందులో పడితే వాడు పట్టేసుకుంటాడు.

మెస్కీట్ ముళ్లపొదల వెనక్కి సైకిలు ఈడ్చి, తనూ బోర్లా పడుకుంది. చొక్కా మీద నారింజ రంగు పల్చటి కోటు. కార్ల వాళ్లకు కనబడాలని నీవెస్ కొనిపెట్టింది. ఇప్పుడది ఎండలో నిప్పులా మెరుస్తోంది. గబగబా విప్పి, ఉండచుట్టి పొట్ట కింద దాచుకుంది. ముళ్లు మోచేతుల్లో దిగాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అతను వంతెన కిందినుంచి బయటికి వచ్చాడు. తొక్కడం ఆపాడు. తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. వెతుకుతున్నాడు. పొద మీద అతని చూపు ఆగినట్టే అనిపించి పెట్రా కళ్లు మూసుకుంది.

మళ్లీ గొలుసు కదిలింది. కళ్లు తెరిచేసరికి అతను తిన్నగా చెక్కల మీదికే పోతున్నాడు. బ్రేకు వెయ్యలేదు. దడేల్‌మని చప్పుడయింది. సైకిలు చెక్కల్లో ఇరుక్కుంది, మనిషి వాటి మీంచి ఎగిరి అవతల గోతిలో పడ్డాడు.

పెట్రాకు ముందు కలిగింది సంతోషమే. బతికాననుకుంది. లేచి పారిపోవచ్చు, కాళ్లు అందుకు సిద్ధంగానే ఉన్నాయి. కాని గోతిలోంచి మూలుగు కూడా రావడం లేదు. చచ్చిపోయాడా? పిడికిలి నిండా పట్టే రాయి ఒకటి తీసుకొని అంచు దాకా నడిచింది.

నిలువెత్తు లోతున ఇసుకలో కూర్చుని ఉన్నాడు ఒక ముసలాయన. అద్దాలు, గుడ్డ ఊడిపోయాయి. తెల్లజుట్టు, ఎండిపోయి పగిలిన పెదాలు, ముక్కులోంచి రక్తం. రెండు చేతులతో చుట్టూ ఇసుకను తడుముతున్నాడు.

"కదలకు," అంది రాయి ఎత్తి పట్టుకొని. "పోలీసులు వస్తున్నారు."

ముసలాయన ఆ గొంతుకు తల ఎత్తాడు. ముఖం మాత్రం ఆమె వైపు కాకుండా గోతి అవతలి గోడ వైపు తిరిగింది. కళ్లు పూర్తిగా తెరుచుకునే ఉన్నాయి.

"హమ్మయ్య, ఎవరో ఉన్నారు," అన్నాడు బొంగురు గొంతుతో. "ఈ ఎండలో ఉన్నట్టుండి నా చూపు దాదాపు పోయిందమ్మా. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. ముందు పోతున్న ఒకామె నారింజ రంగు కోటొక్కటే కంటికి ఆనుతుంటే, దాన్నే పట్టుకొని వస్తున్నాను. ఇప్పుడే అది చటుక్కున మాయమైంది. నన్ను తరవాత లేపుదురుగాని, ముందు ఆమె ఎక్కడ పడిపోయిందో చూడండి తల్లీ."