పొయ్యి అడిగిన పాట

కోడలు హిమజ సీమంతానికి పేరంటాళ్లంతా వచ్చారు. వీరవేణి పళ్లెంలో కర్పూరం వెలిగించి, అలవాటుగా గోడవైపు చూసింది. ఇప్పుడు ఏ ఇంట్లోనైనా పాడేది గోడలే. మనుషులు పాడడం మానేసి చాలా కాలమైంది.

"సీమంతం హారతి పాట దొరికిందండీ, ఉచితం," అంది గోడ. "దించుకోవాలంటే మీ వంటింటి పొయ్యి మీద పెత్తనం ఆ పాట చేతికివ్వాలి. సరేనాండీ?"

"సరే అనెయ్యి వదినా, హారతి కొండెక్కిపోద్ది," అంది పక్కవాటా పాపాయమ్మ.

పోయిన నెల పాపాయమ్మ ఇలాగే సరే అని ఓ సినిమా దించుకుంది. అది సినిమా కాదు, సినిమా వేషంలో ఇంట్లో దూరిన దొంగ. అప్పట్నుంచి ఆ ఇంటి పొయ్యి, ఊరూపేరూ లేని ఎవరిదో నూనె కొంటే తప్ప వెలగడం లేదు. పాపాయమ్మ రోజూ బియ్యం గిన్నె పట్టుకుని, వండుకోడానికి వీరవేణి వంటింటికే వస్తోంది.

"పాటకి నా పొయ్యితో ఏం పని? వద్దంటే వద్దు!" అని వీరవేణి గోడ నోరు మూయించింది.

పాట లేకుండా హారతేమిటని పేరంటాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. కర్పూరం కరిగిపోతోంది. చిన్నప్పుడు వాళ్లమ్మ పాడిన మంగళహారతిలో వీరవేణికి పల్లవి ఒక్కటే గుర్తుంది. బొంగురు గొంతుతో అదే ఎత్తుకుంది. అయిపోగానే మళ్లీ అదే పాడింది. ఈసారి హిమజ అందుకుంది. ఆ తర్వాత అందరూ కలిశారు.

పాపాయమ్మ హారతి కళ్లకద్దుకుంది. "ఎంత బాగుందొదినా! మా గోడకి పంపించవా?"

"పంపను," అంది వీరవేణి. "రేపు బియ్యం గిన్నెతో వస్తావుగా. అన్నం ఉడికేలోపు నేర్పుతా."