మెట్ట మీద ముహూర్తం

"ఆ కారెక్కినావంటే ఇంక నీ మొకం సూడను, అత్తా."

పక్కవీధిలో ఉండే మేనకోడలు సుహాసిని కారు తలుపుకి అడ్డంగా నిలబడింది. దాలమ్మ వీధి తలుపు దగ్గరికి లాగి గొళ్లెం పెట్టింది. కంపెనీ వాళ్లు పంపిన పసుపు పట్టుచీర కట్టుకుంది. నుదుట ఇంత బొట్టు, తడి ఆరని జుట్టులో చేమంతులు.

"ఎల్తన్నట్టు మావకి తెలుసా?"

"పడుకున్నాడు. లేపకు."

"పడుకోడేటి మరి? మంచాన పడేసినోళ్ల కారే కదా ఇది."

ఆ మాట అబద్ధం కాదు. మెట్టను, ఆ రాతికొండను, క్వారీకి ఇచ్చేశారని తెలిసిన రోజే దాలమ్మ భర్త ఎల్లాజీ జముకు వాద్యం భుజాన వేసుకుని పాట కట్టాడు. దాలమ్మ, సుహాసిని వంత పాడితే పాతపట్నం దాకా ఊరూరా తిరిగి వినిపించాడు. మెట్ట పోతే దాని కింద పారే గెడ్డ ఎండిపోతుంది, గెడ్డ ఎండితే ఊరి వరి పోతుంది. ఇది తెలియడానికి ఇంజనీరు చదువేమీ అక్కర్లేదు. పాడినందుకు పోలీసులు జముకు తోలును బూటుకాలితో చించేసి, ఎల్లాజీని ఓ రాత్రంతా స్టేషన్లో కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారనే వాళ్ల కాగితాల్లో ఉంది. తిరిగొచ్చిన మనిషి మళ్లీ మంచం దిగలేదు.

"టైమైపోతోందమ్మా," అన్నాడు కారు పక్కనున్న పృథ్వీరాజ్. కంపెనీ తరఫున ఊళ్లో నవ్వులు పంచిపెట్టే ఉద్యోగం అతనిది. "ముహూర్తం దాటిపోతే చైర్మన్ గారు నన్ను బతకనివ్వరు."

చైర్మన్ నగరేశ్వరరావుకి చట్టమంటే లెక్కలేదు గానీ ముహూర్తమంటే ప్రాణం. రేపట్నుంచి మూఢం. ఇవాళ శంకుస్థాపన జరక్కపోతే మూఢం వెళ్లేదాకా ఆ మెట్ట మీద గునపం వెయ్యనివ్వడు. ఈలోగా ఊరివాళ్ల కేసు కోర్టులో విచారణకొస్తుంది. ఇవాళ జరిగిపోతే మాత్రం, పని మొదలెట్టేశాం అని చూపించి కంపెనీ నెగ్గుకొచ్చేస్తుందని ఊరివాళ్ల వకీలు ముందే చెప్పాడు. అందుకే మొదటి ఇటుక దాలమ్మ చేతి మీదుగా అందించాలని, టీవీల ముందు మంగళహారతి పాడించాలని కబురెట్టారు. ఎల్లాజీ పెళ్లామే వచ్చిందంటే ఊరంతా ఒప్పుకున్నట్టే. పైగా ముత్తైదువ.

అడగడానికి వాళ్లకి సిగ్గు లేదు సరే, ఒప్పుకోవడానికి ఈవిడకేమైంది? సుహాసినికి ఒళ్లు మండిపోయింది.

"ఓ కోకకి అమ్ముడుపోనావా అత్తా?"

దాలమ్మ ఆమె కళ్లలోకి చూడకుండా భుజం పట్టుకుని పక్కకు జరిపింది. సిగ్గుతోనే అనుకుంది సుహాసిని.

"నువ్వూ రా అమ్మీ. నాకు తోడుండాల."

"వస్తాను. అందరి ముందరా కడిగీడానికొస్తాను."

మెట్ట కింద షామియానా, సన్నాయి మేళం, పూలదండలు. వద్దన్న రైతుల్ని తాడు కట్టి అవతల నిలబెట్టారు. వాళ్ల భూముల్లోకి వాళ్లనే రానివ్వని తాడు. దాలమ్మ కారు దిగగానే తాడు అవతల జగ్గమ్మ కాండ్రించి ఉమ్మింది.

"ఎల్లాజీ పరువు గెడ్డలో కలిపీసినావు కదే."

దాలమ్మ తల తిప్పలేదు. సుహాసిని గొంతెత్తేలోపే ఓ లేడీ కానిస్టేబుల్ వచ్చి ఆమె చెయ్యి మెలిపెట్టి పట్టుకుంది.

"తలస్నానం చేసే వచ్చావా తల్లీ?" అడిగారు పంతులుగారు.

"తలారా పోసుకునే వచ్చినాను బాబూ."

పంతులుగారు మంత్రం చదివి ఇటుకకి పసుపు రాయించారు. దాలమ్మ రాసింది. కుంకుమ పెట్టమన్నారు, పెట్టింది. రెండు చేతులతో ఎత్తి చైర్మన్ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని కళ్లకద్దుకుని గుంటలో పెట్టాడు. మేళం హోరెత్తింది. ఆమె హారతి పళ్లెం పట్టుకుంటే చైర్మన్, ఆయన భార్య, వచ్చిన పెద్దలు ఒక్కొక్కరే వంగి కళ్లకద్దుకున్నారు. ఆమె చేత్తోనే ప్రసాదం తిన్నారు. కెమెరాలు ఆ చేతుల్నే చూపించాయి.

సుహాసినికి ఏడుపొచ్చింది. బతికినన్నాళ్లూ ఈ పాట పాడుకుంటూ తిరగాలనుకుంది తను. మావ మంచం పట్టినా అత్త ఉంది కదా అని ధైర్యంగా ఉంది. ఇక ఆ జట్టులో మిగిలింది తనొక్కతే. తాడు అవతలి రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఇంటి దారి పట్టబోతున్నారు.

"చూశారుగా," అన్నాడు నగరేశ్వరరావు టీవీ వాళ్లతో. "నిన్నటిదాకా మా మీద పాటలు కట్టినవాళ్లే ఇవాళ మాకు హారతులు పడుతున్నారు. దాలమ్మా, ఏదీ, నీ గొంతు ఓసారి వినిపించు."

పృథ్వీరాజ్ మైకు తెచ్చి అందించాడు. మేళం ఆగింది.

దాలమ్మ కళ్లు మూసుకుంది. మంగళహారతి రాలేదు. కడుపులోంచి సన్నగా ఒక రాగం లేచింది. లేచి పెద్దదై, మైకుల్లోంచి మెట్టకి తగిలి తిరిగొచ్చింది. రైతులు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. సుహాసినికి అత్త పాటలన్నీ వచ్చు, ఇది అందులోది కాదు. దాలమ్మ గుంట పక్కనే చతికిలబడి, గుండెలు బాదుకుంటూ శోకాలు పెట్టింది.

పంతులుగారు కంగారుగా లేచారు.

"శుభమా అని హారతి వేళ ఆ శోకాలేమిటి తల్లీ?"

"తెల్లారగట్ట నా పెనిమిటి పోనాడు బాబూ. శవం ఇంకా ఇంట్లోనే ఉన్నాది. ఏడవడానికి నాకిప్పటికి తీరినాది."