కొండదారిలో పందెం

శనివారం శింగనమల కొండదారిలో నేను సైకిలు తొక్కుతూ పోతుంటే బిందెల పక్కన కూర్చున్న ఊరి ఆడవాళ్లు లేచి నిలబడి చూశారు. ఆడపిల్ల సైకిలు తొక్కడం వాళ్లకు వింత కాబోలని మురిసిపోయాను.

ఆదివారం సైకిలు కిందే పెట్టి కొండ మీదికి పరిగెత్తాను. వెనక అడుగుల చప్పుడు వినిపించింది. ఎవరో నాతో పందెం వేస్తున్నారనుకుని, నవ్వుకుంటూ ఇంకా జోరు పెంచాను.

మలుపులో ఆగి తిరిగి చూస్తే, చంకలో ఖాళీ బిందెతో రొప్పుతూ ఒక అవ్వ.

“నీళ్ల ట్యాంకరు యాడ నిలబడిండాది పాపా?”

“ట్యాంకరు లేదవ్వా. ఊరికే పరిగెత్తుతాండా.”

“ఊరికే ఎవురన్నా పరిగెత్తుతారా? దాచొద్దు తల్లీ, ఒక్క బిందె పట్టుకొని పోతా.”

నా మాట నమ్మక అవ్వ ముందుకే పోయింది.

నేను నెమ్మదిగా నడిచి దిగాను. దారి పొడుగునా బిందెలు ఎదురొస్తూనే ఉన్నాయి.