ఎర్ర గుర్తు పైకి రావాలి

"ఎప్పుడు మొదలెడతారమ్మా?"

మడతలు పెట్టే ఆడవాళ్ళలో అందరికన్నా పెద్దదైన పెద్దమ్మ ఇలా అడగడం ఇది ఇరవై రెండోసారి. లెక్క కూడా పెద్దమ్మదే. మడతల హాల్లో స్తంభం మీద సుద్దముక్కతో రోజుకో గీత గీస్తోంది, ఉరిశిక్ష పడ్డవాళ్ళు జైలు గోడ మీద గీసుకున్నట్టు.

"ఇంకా టెస్టులే అవలేదు పెద్దమ్మా. నన్ను కాసేపు వదిలేయండి," అంది ప్రాజెక్టు మేనేజరు విసుగ్గా.

విసుగు పెద్దమ్మ మీద కాదు. పొద్దున్నే ఆ మొహం చూడాల్సి రావడం మీద.

అది ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ. ఉతకడానికీ ఆరబెట్టడానికీ మెషిన్లు ఎప్పుడో వచ్చేశాయి. మడతపెట్టేది మాత్రం పద్నాలుగు మంది ఆడవాళ్ళు, పొద్దున్నించి సాయంత్రం దాకా నిలువుకాళ్ళ మీద. హాలంతా నొప్పుల మందు వాసన. ఇప్పుడు మడతలకీ మెషిన్ వచ్చి మూల తిష్ట వేసింది. దానికి మూడు టెస్టులు పెట్టి, "పాస్" అని సంతకం చేసే పాపం ప్రాజెక్టు మేనేజరు నెత్తిన పడింది.

"పాసయితే ఆ హాల్లో తొమ్మిది మంది అక్కర్లేదు," అన్నాడు డైరెక్టరు మొదటిరోజే ఫోన్లో.

"మరి వాళ్ళేం కావాలి సార్?"

"అదంతా మెయిల్‌కి అటాచ్ చేశాం కదా. చదువుకో."

అటాచ్‌మెంట్ల సంగతి ఆవిడకి తెలీదా? ఐదేళ్ళ సర్వీసులో నలభై చదివింది. "సిబ్బంది సర్దుబాటు" అని అందమైన పేరు పెట్టి గొంతు కోస్తారు. ఊరికే ఒళ్ళు మండించుకోవడం దేనికని తెరవలేదు.

మండించే పని వేరేవాళ్ళు చూసుకున్నారు. మొన్న ఎదురుగా ఉన్న కుట్టుగదిలోకి కొత్త కుర్చీలు దింపారు. వీపుకి మెత్తలు, ఎత్తు తగ్గించడానికి మీటలు, ఇంకా కవర్లు కూడా విప్పలేదు.

"మనుషుల్ని పీకేసి కుర్చీలు కొంటున్నారు. సిగ్గుండాలి!" అని పళ్ళు కొరుక్కుంది.

ఈ రోజు మూడో టెస్టు. మొదటి రెండూ పోయాయి. ఇదీ పోతే ఒప్పందం ప్రకారం మెషిన్ వెనక్కి.

ఆపరేషన్ గదికి వెళ్ళే దుప్పటికి ఒక మూల ఎర్ర దారంతో చిన్న గుర్తు ఉంటుంది. మడతపెట్టాక ఆ గుర్తు పైకి కనబడాలి. లేకపోతే అక్కడి నర్సు ప్రతి దుప్పటీ విప్పి చూసుకోవాలి. ఈ ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని కూడా గుర్తు పైకి తెస్తారు. మెషిన్ మాత్రం గీత గీసినట్టు మడతపెట్టి, గుర్తుని భద్రంగా లోపల దాచేస్తోంది.

దుప్పటి లోపలికి వెళ్ళింది. ఆడవాళ్ళంతా పని ఆపి చూస్తున్నారు. దుప్పటి బయటికొచ్చింది. గుర్తు లేదు.

"మేడమ్, దుప్పటి రెండోవైపు తిప్పి పెడితే చాలు, గుర్తు పైకొస్తుంది," అన్నాడు టెక్నీషియన్. "రెండు నిమిషాల పని. మొదటి రోజు నించీ మొత్తుకుంటున్నా."

"తిప్పి పెట్టాలని మీ కంపెనీ పుస్తకంలో ఉందా?"

"లేదు, కానీ..."

"లేనిది నేను చెయ్యను. ఫెయిల్."

"అసలు మీరు ఎవరి వైపు మేడమ్?"

అంతలో పెద్దమ్మ ముందుకొచ్చింది. "ఆ అబ్బాయి చెప్పేది నిజమేనమ్మా. ఇటివ్వండి, నేను తిప్పి పెడతాను, చూడండి..."

గొడ్డలికి పిడి అందించే చెట్టుని ఇప్పుడే చూస్తోంది ప్రాజెక్టు మేనేజరు. ఇంత అమాయకత్వమా!

"పెద్దమ్మా! మీ మంచికే చెప్తున్నా. మీరు మాట్లాడకండి."

పెద్దమ్మ వెనక్కి జరిగింది. వెనకెవరో కళ్ళు తుడుచుకున్నారు. రిపోర్టులో రాసింది అబద్ధం కాదు. నిజం మొత్తం కూడా కాదు. అయినా సంతకం చేసేసింది.

"నీ ప్రమోషన్ సంగతి మర్చిపో," అన్నాడు డైరెక్టరు ఆ సాయంత్రం.

"మర్చిపోయాను సార్," అంది.

నాలుగు రోజుల తర్వాత లారీ వచ్చి మెషిన్‌ని ఎత్తుకుపోయింది. ఆవిడ హాల్లోకి దాదాపు పరిగెత్తింది.

"పోయింది! ఇంక ఇక్కణ్ణించి మిమ్మల్నెవరూ కదపలేరు!"

ఒక్కరూ నవ్వలేదు. పెద్దమ్మ మణికట్టుకున్న గుడ్డ విప్పి, పంటితో లాగి మళ్ళీ బిగించుకుంది. చేతిలో సుద్దముక్కని కిటికీ గట్టు మీద పెట్టేసింది.

"అయితే ఆ కుర్చీలు కూడా వెనక్కి పంపేస్తారా అమ్మా?"

"కుట్టుగదిలోవా? వాటితో మీకేం పని?"

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"మా కాగితం మీరు చదవలేదా?" అంది పెద్దమ్మ.

"ఏం కాగితం?"

"డైరెక్టరుగారు మీకు మెయిల్లో పంపానన్నారే."

వీళ్ళ గోలేంటో అర్థం కాక, చిరాగ్గా ఫోన్ తీసి, నెల రోజులుగా తెరవని అటాచ్‌మెంట్ తెరిచింది. ఎవరిదో చేతిరాత. అడుగున పద్నాలుగు సంతకాలు, మొట్టమొదటిది వంకరటింకరగా పెద్దమ్మది. తొమ్మిది పేర్ల పక్కన డైరెక్టరు రాసిన మాటలు: "జీతం తగ్గకుండా కుట్టుగదిలో కూర్చునే పని." వేలితో పైకి జరిపి మొదటి వాక్యం చదివింది.

"అయ్యా, మా చేతులు పూర్తిగా పడిపోకముందే మడతలకి మెషిన్ తెప్పించండి."