చెవి వెనక చుక్క

"ముఖం జోలికి పోకండి. ముందు చెవి వెనక రాసి చూడండి," అంటూ నాగేశ్వరి, నూరీన్ చేతిలోని బ్రష్‌కీ హైందవి చెంపకీ మధ్య తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

నూరీన్ బ్రష్ దించేసింది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుక్కున్న రెండో అంతస్తు పార్లర్ ఆమెది. ఆ కుర్చీలో ఎంతోమంది పెళ్ళికూతుళ్ళు కూర్చుని లేచారు గానీ, ఇలా చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళు మాత్రం లేరు.

"ఫికర్ చేయకుండ్రి ఆంటీ. నా దగ్గర అంతా మంచి కంపెనీ మాలే ఉంటది."

"కంపెనీ మంచిదేనమ్మా. మా పిల్ల చర్మానికి పడాలి కదా."

హైందవి తన ఫోన్లో నిశ్చితార్థం ఫొటో తీసి చూపించింది. కళ్ళు వాచిపోయి, బుగ్గలు కందిపోయి ఉన్న ఆ అమ్మాయీ, ఎదురుగా కూర్చున్న అమ్మాయీ ఒకటేనని పోల్చుకోవడానికి నూరీన్‌కి కాసేపు పట్టింది. ఆ రోజు వేడుక సగంలోనే ముఖం కడుక్కుని గదిలో పడుకుందట. పెళ్ళిపీటల మీద మళ్ళీ అలా జరగనివ్వనని, అలాగని మేకప్ మానేది కూడా లేదని హైందవి తేల్చి చెప్పింది. తన పెళ్ళికి తను ముస్తాబు కావాలి, కానీ ఆ ముఖం తనదిగానే ఉండాలి. అంతే.

ఇంకొకావిడ వెనక సోఫాలో కూర్చుని మెట్లెక్కిన ఆయాసం తీర్చుకుంటోంది. పేరు జానకీదేవి. నిశ్చితార్థానికి ఆ మేకప్ మాట్లాడిందీ ఆవిడేనట.

"ఈ చుక్కలు పెట్టుకుని చూస్తూ కూర్చుంటే ముహూర్తం దాటిపోతుంది. కాస్త తెల్లగా కనపడేట్టు చెయ్యండి చాలు," అంది జానకీదేవి.

నూరీన్ అద్దంలోంచి ఇద్దరినీ చూసింది. పెళ్ళికూతురి వెంట ఇద్దరు ఆడవాళ్ళు వస్తే తల్లి ఎవరో, అత్తగారు ఎవరో చెప్పడం తనకు మంచినీళ్ళు తాగినంత సులువని ఆమె నమ్మకం. తల్లి పిల్ల ముఖం చూస్తుంది, అత్తగారు ఆ ముఖాన్ని అద్దంలో చూస్తుంది. ఈ విద్య ఆమెకు సొంత అత్తగారు ఇక్బాల్ బేగం దగ్గర అబ్బింది. కాబట్టి అనుమానానికి తావే లేదు. నూరీన్ నాగేశ్వరి పక్షం చేరిపోయింది.

చెవి వెనక చుక్కల పని మొదలైంది. ఒక్కోసారికి ఒక్కటే రాయడం, రెండు రోజులు ఆగి చూడడం. ఫౌండేషన్ పడింది. కాటుక పడింది. కనుబొమల పైన రాళ్ళు అంటించే జిగురు రాసిన చోట మాత్రం ఎర్రగా దద్దురు లేచింది. నిశ్చితార్థం నాటి దొంగ దొరికిందని హైందవి సంబరపడింది. నాగేశ్వరి ఆ పిల్లను సోమాజిగూడలో చర్మం డాక్టరుకు కూడా చూపించింది. పెళ్ళి అయ్యేదాకా ఫేషియల్ వద్దు, బ్లీచ్ వద్దు, కొత్త క్రీమేదీ ముట్టుకోవద్దని ఆయన చెప్పారు. నలుగు రోజున పసుపు పాదాలకు తప్ప ముఖానికి రాయకూడదని హైందవి ఇంట్లో పట్టుబట్టి ఒప్పించుకుంది.

"మీది సుత గిట్లాంటి స్కిన్నేనా ఆంటీ?" అని ఒకరోజు నూరీన్ అడిగింది.

నాగేశ్వరి తన చెంప తడుముకుంది.

"నా పెళ్ళిలో ముఖం భగ్గున మండింది. కడుక్కుని వస్తానన్నాను. ఫొటోలు అయ్యేదాకా కదలొద్దన్నారు మా అత్తగారు. ఆ మచ్చలు పోవడానికి చాలా కాలం పట్టింది. అది నాతోనే ఆగిపోవాలమ్మా."

కూతురంటే ఎంత ప్రాణం ఈ మనిషికి అనుకుంది నూరీన్.

పెళ్ళి ముందురోజు జానకీదేవి ఫోన్ చేసింది. ఎవరికీ చెప్పకుండా ఇంకాస్త తెల్ల రంగు ఫౌండేషన్ వాడమంది. రేపు ఎవరైనా ఒక్క మాట అంటే తను తట్టుకోలేనంది.

"టెస్ట్ చేయని మాల్ ముఖానికి పెట్ట ఆంటీ. మీరు ఏమన్నా అనుకోండ్రి," అని చెప్పేసి నూరీన్ ఫోన్ పెట్టేసింది. అత్తగార్లంతా ఒక్క బడిలోనే చదువుకుని వస్తారేమో అనుకుంది.

మర్నాడు పంజాగుట్టలో కళ్యాణ మండపం. నూరీన్ పెట్టెలో పరీక్ష నెగ్గినవి తప్ప ఇంకేవీ లేవు. నుదుట గుచ్చుకోకుండా బాసికం వెనక మెత్తటి గుడ్డ కుట్టి మరీ తెచ్చింది నాగేశ్వరి. హైందవి చామనఛాయ ముఖం హాయిగా, నిండుగా వెలుగుతోంది. చివరికి బుగ్గచుక్క పెడుతుండగా జానకీదేవి కొత్త పౌడరు డబ్బా పట్టుకుని దగ్గరికొచ్చింది.

"ఒక్కసారి పైపైన అద్దించుకో."

హైందవి ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా దించింది. "వద్దు. నేను ఇలాగే వెళ్తాను."

జానకీదేవి చాలాసేపు ఆ ముఖంకేసి చూసింది. అద్దంలో కాదు, నేరుగా. డబ్బా సంచిలో వేసేసి, పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. అత్తగారికి కన్నీళ్ళేమిటో నూరీన్‌కి అంతుపట్టలేదు.

హైందవిని బుట్టలో తెచ్చి తెర వెనక కూర్చోబెట్టారు. లైట్ల వేడికీ, సాంబ్రాణి పొగకీ కూడా ఆమె చెంప కందలేదు. మండపం పక్కన నిలబడ్డ నూరీన్, నాగేశ్వరి ఒకరినొకరు చూసుకుని ఊపిరి పీల్చుకున్నారు.

"కన్యాదానం. వరుడి కాళ్ళు కడగాలి. అమ్మాయి తల్లిదండ్రులు రండి," అని పురోహితుడు పిలిచాడు.

"పోండ్రి ఆంటీ, మిమ్మల్నే పిలుస్తుండ్రు," అని నూరీన్ నాగేశ్వరి భుజం తట్టింది.

నాగేశ్వరి నవ్వింది గానీ కదల్లేదు.

నీళ్ళ చెంబు అందుకుని జానకీదేవి లేచింది.