సైమన్ గారి గోడ చదువు

“ఆ పోస్టరు నిన్న కూడా చూశారుగా! పదండి,” అంది హెలెన్, భర్త మోచెయ్యి పట్టుకుని.

“ఉండవే. కింద ఇంకేదో రాశారు,” అన్నాడు సైమన్, గోడ మీంచి చూపు తిప్పకుండా.

సకల జనుల సమ్మె రోజులవి. యూనివర్సిటీలో ఏ గోడ చూసినా జై తెలంగాణే. గుమాస్తాగా రిటైరైన సైమన్‌కి తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా సాయంత్రం నడక పాత అలవాటు. ఈ మధ్య దానికి చదువు పిచ్చి తోడయింది. ఒక పక్క పోలీసులు, ఇంకో పక్క విద్యార్థుల టెంటు, మధ్యలో ఈ మహానుభావుడి పోస్టర్ల పారాయణం. హెలెన్‌కి ఒకటే గుండె దడ.

“మనది తెనాలని ఇక్కడ అందరికీ తెలుసు. పోలీసులకి కబుర్లు మోస్తున్నారని కుర్రాళ్ళు అనుకుంటే? ఇల్లు ఖాళీ చేసి పోవాల్సొస్తుంది.”

“పిల్లలు బాగా రాస్తున్నారే. చదివితే తప్పేంటి?”

“సరే, ఏం రాశారో చెప్పండి.”

“చెప్పినా నీకు అర్థం కాదులే.”

ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన టీచరుతో అనే మాటేనా ఇది! హెలెన్ మూతి ముడుచుకుని వెనక్కి తిరిగింది. టెంటు దగ్గర గడ్డం కుర్రాడొకడు తమనే చూస్తున్నాడు.

మర్నాడు ఎవరో తలుపు తట్టారు. తీస్తే అతనే!

“నమస్తే అమ్మా. నా పేరు గట్టయ్య, క్యాంపస్‌ల పీహెచ్‌డీ చేస్తున్న. సార్ ఉన్నరా?”

హెలెన్ గుమ్మానికి అడ్డం నిలబడింది. “ఆయన ఎవరి జోలికీ పోరు బాబూ. ఉత్తినే చదువుతారంతే. రేపట్నుంచి అటు రానివ్వను.”

“దినాం జూస్తున్నం. ఒక్క పోస్టర్ గూడ ఇడిశిపెడ్తలేరు. మావోళ్ళయితే ఇంటెలిజెన్స్ అనుకున్నరు. కాదని నేనే చెప్పిన.”

జేబులోంచి ఓ కరపత్రం తీసిచ్చాడు. హెలెన్ విప్పింది. ‘కాళ్ళలోని రక్తనాళాల గురించి తెలుసుకోండి’ అని ఉంది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

“ఇంతేనా! బెదిరింపేమో అని చచ్చాను. అందరికీ పంచుతున్నారా?”

“లేదమ్మా. మా నాయనకు గా జబ్బు ఉండె, జర నడిస్తే పిక్కలు గుంజుతుండె. దవాఖానల ఇంగ్లీష్ కాగితం ఇచ్చిన్రు. నెట్‌ల గూడ జూసి, నేనే తెలుగుల రాసి, డాక్టర్‌కు సూపిచ్చి ప్రింట్ తీసిన. ఇప్పుడు నాయన బీడీలు బంద్ జేసి, మందులేసుకుంట, డాక్టర్ చెప్పినట్టు నడుస్తుండు. రామంతాపూర్ నుంచి అంబర్‌పేట్ దాక మంచిగ పోయొస్తుండు.”

“సంతోషమయ్యా. కానీ మా ఆయనకి అలాంటి జబ్బులేం లేవు.”

లోపల్నుంచి సైమన్ వచ్చి కాగితం అందుకున్నాడు. నిలబడే చదివాడు, కూర్చుని మళ్ళీ చదివాడు. చాలా రోజులుగా బిగబట్టుకున్నట్టు పెద్ద ఊపిరి వదిలాడు. భార్య వైపు మాత్రం చూడలేదు.

“నాకే ఎందుకు తెచ్చావు బాబూ?”

“మా నాయన గూడ గోడగోడకు ఆగి పోస్టర్లు సదివెటోడు సార్,” అన్నాడు గట్టయ్య మెల్లగా.

“ఆయనకు సదువు రాదు.”